చెడ్డ చేను అడిగిన సారు

మా ఊళ్ళో అన్నిటికన్నా చెడ్డ చేను మాది. సిగ్గుపడుతూ చెప్తున్న మాట కాదిది. ఒక సైంటిస్టు పనిగట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, నలుగురినీ విచారించి, గట్లన్నీ తిరిగి చూసి, ఖాయం చేసి మరీ మాకిచ్చిన పేరు. మా వంశంలో ఇంకెవరికీ సర్కారు తరఫున ఏ పేరూ రాలేదు.

ఆయన పోయాడని పోయిన పుష్యమాసంలో నాయిన ఫోన్ చేశాడు. నేను వనపర్తిలో బడి పిల్లలకు పాఠాలు చెప్పి అప్పుడే ఇల్లు చేరి, చెప్పులు విప్పుతున్నాను.

"తెగులు సారు పోయిండు బిడ్డా," అన్నాడు.

తెగులు సారు అన్నది మా ఊరివాళ్ళు పెట్టిన పేరు. ఆయన అసలు పేరుతో పిలిచినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. ఇప్పుడు నేను ఆ పేరు రాస్తే, ఎవరబ్బా ఈయన అని మావాళ్ళే అడుగుతారు. అందుకని రాయను.

"ఎట్ల తెలిసె నాయినా?"

"నేనే ఫోన్ జేసిన. నడి చేన్ల ఒక కందిచెట్టు ఎండింది. పొద్దుగాల చూసిన. సారుకు జెప్దామని జేస్తే ఆయన కొడుకు ఎత్తిండు. మా అబ్బాజాన్ తెల్లారంగ పోయిండు అన్నడు. నేను చెట్టు ముచ్చట ఏం జెప్పాలె ఇగ? గద్వాలకు పోతున్న. నువ్వు రేపు జర ఊరికి రా."

ఎండిన కందిచెట్టు గురించి చెప్పడానికి చేసిన ఫోన్‌లో మనిషి పోయిన కబురు వినాల్సి వచ్చింది నాయినకు. రెండు దుఃఖాల్లో ఏది ముందో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆ చెట్టు తెగులుతో ఎండి ఉంటే, సారు పోవడం ఒక్కటే కాదు, ఆయన చేసి పోయింది కూడా పోయినట్టే.

మా ఊరు బిజినేపల్లి మండలంలో ఉంది. సారు మొదటిసారి వచ్చిన రోజు నాయిన చాయ్ హోటల్లో ఉన్నాడు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడంటే, నేను కూడా పక్క బెంచీ మీద కూర్చుని విన్నట్టే ఉంటుంది. జీపు ఆగింది. పొట్టి మనిషి ఒకాయన దిగాడు. అందరికీ సలాం చేసి, చాయ్ కూడా చెప్పకుండానే అడిగాడు.

"మీ ఊళ్ళె అందరికన్నా చెడ్డ చేను ఎవరిది?"

సర్కారు జీపులో వచ్చినవాళ్ళు ఎక్కడైనా మంచి చేను అడుగుతారు. దాని పక్కన నిలబడి ఫోటో దిగి పోతారు. ఈయనేమో చెడ్డది అడుగుతున్నాడు. హోటల్లో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెడ్డది అంటే ఎట్ల సారూ?" అన్నారెవరో.

"కంది వెడ్తే పూత దాక మంచిగుండాలె. పూతకొచ్చినంక నిలువునా ఎండిపోవాలె. ఒకటి రెండు గాదు, సాలుకు సాలు పోవాలె."

అప్పుడు అందరూ కలిసి మా నాయిన మొహం చూశారు.

నాయిన చాయ్ గ్లాసు సగంలో పెట్టేసి లేచిపోయాడు. ఆ ఏడు మా కంది మొత్తం ఎండిపోయింది. అంతకు ముందటేడూ అంతే. కంది పండించే ఇంట్లో పప్పు కొనుక్కుని తింటున్నాం. అది కూడా ఊళ్ళో షాపులో కొంటే నలుగురూ చూస్తారని బిజినేపల్లి దాకా పోయి కొనుక్కొచ్చేవాడు నాయిన. అలాంటి మనిషి ముందు నలుగురిలో ఈ మాట పుండు మీద కారం చల్లినట్టే. సారు మాత్రం వెంటపడ్డాడు.

"అన్నా, జర ఆగు. నీ చేను నాకు గావాలె."

"ఎక్కిరిస్తున్నవా సారూ?"

"ఎక్కిరించుడెందుకు? గిసొంటి చేను కోసం తెలకపల్లి దిక్కు రెండు దినాలు తిరిగిన. యాడ చూసినా సగం చస్తయి, సగం బతుకుతయి. గట్లయితే బతికింది గట్టిదై బతికిందో, అదృష్టం మంచిగుండి బతికిందో నాకెట్ల తెలుస్తది? నీ చేన్ల బతికినదే నిజంగ బతికినట్టు."

ఎండు తెగులు మట్టిలో ఉంటుంది. ఒకసారి పట్టిందంటే ఏళ్ళ తరబడి వదలదు. వేరు లోంచి ఎక్కి, చెట్టుకు నీళ్ళు పోయే దారి మూసేస్తుంది. మందు కొట్టి దాన్ని గెలవడం రైతు తరం కాదు. తెగులును తట్టుకునే కందిని తయారు చేయాలన్నది సారు పని. రెండు రకాల్ని కలిపి, పుట్టిన పిల్లల్ని తెగులు మట్టిలో వేసి, చావనివాటిని ఏరుకుని, వాటి విత్తనాల్ని మళ్ళీ అదే మట్టిలో వేసి, మళ్ళీ ఏరుకోవాలి. దీనికి చెడ్డ చేను ఎంత చెడ్డదైతే అంత మంచిది. నాయినకు ఈ సంగతి అర్థమైందో లేదో కానీ, కౌలుకు ఒప్పుకున్నాడు. ఎలాగూ వచ్చే ఏడు కంది మానేసి పత్తి పెట్టుకుందామనే అనుకుంటున్నాడు. మా ఊళ్ళో చాలామంది అప్పటికే ఆ పని చేశారు.

సారు మొట్టమొదట చేసిన పని చేను గట్టు మీద ఒక బకెట్ పెట్టడం. చేన్లోంచి బయటికి వచ్చే ప్రతివాడూ కాళ్ళు కడుక్కోవాలి. పారా, గుంటుకా, దంతె, ఏది బయటికి తెచ్చినా కడగాలి. ఎడ్ల కాళ్ళు కూడా. ఇంట్లోకి వచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కునే జనాన్ని, చేన్లోంచి పోయేటప్పుడు కడుక్కోమంటే నవ్వరా మరి! మా పక్క చేనాయన అయితే రోజూ గట్టు మీద నిలబడి, "ఏం సారూ, మీ తెగులు మట్టి అంటితే మా చేను మైల పడతదా?" అనేవాడు.

"మైల గాదన్నా, మా తెగులు నీ చేనుకొస్తే నువ్వు నన్ను కొడ్తవ్," అని చెప్పి, తను కూడా వంగి, బూట్ల కింద మట్టిని పుల్లతో గీకి మరీ కడుక్కునేవాడు సారు.

రెండో వింత, చచ్చిన చెట్లను పీకనిచ్చేవాడు కాదు. ఎండిన కందికట్టెను పొయ్యిలో పెట్టడమో, దడి కట్టడమో మా అలవాటు. సారు వాటిని సన్నగా నరికించి మళ్ళీ ఆ మట్టిలోనే కలిపి దున్నించేవాడు. చేనుకు జబ్బు తగ్గిపోకుండా మేపుతున్నాడన్నమాట. ఏ రైతు చూసి తట్టుకుంటాడు? నాయిన కక్కలేక మింగలేక తిరిగేవాడు. "నా చేనుకు విషం తినిపిస్తుండు, నేనే దగ్గరుండి దున్నిస్తున్న," అని అమ్మతో అనేవాడు. అమ్మ మాత్రం, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కౌలుకిచ్చినంక ఆయన చేను, ఆయన తెగులు," అనేది.

మూడోది సాక్షి సాలు. ప్రతి నాలుగు సాళ్ళకీ పక్కన ఒక సాలు నిండా తప్పకుండా చచ్చే పాత రకం కంది వేసేవాడు. అది ఎండితేనే అక్కడ మట్టిలో తెగులు ఉన్నట్టు. దాని పక్కన నిలబడ్డ చెట్టుకు అప్పుడే విలువ. ఆ సాలుకు సాక్షి అని పేరు పెట్టాడు. చేన్లోకి దిగగానే బతికినవాటి వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. ముందు సాక్షి దగ్గరికే పోయేవాడు.

"గిదేంది సారూ, పచ్చగున్నయి గావా నీకు ముఖ్యం?" అని అడిగాడొకసారి నాయిన.

"ముందు చచ్చినోళ్ళను పలకరియ్యాలె అన్నా. గా మర్యాద జెయ్యకపోతే బతికినోళ్ళ ముచ్చట మనకు సమజ్ గాదు."

పలకరించడం అంటే, కాండం మొదట్లో బొటనవేలి గోరు ఆనించి, బెరడును పైకి సర్రున లాగడం. తెగులుతో చచ్చిన చెట్టుకు బెరడు కింద నల్లటి చారలు ఉంటాయి. ఆ చారలు కనిపిస్తే, "హౌదా" అని ఊపిరి తీసుకునేవాడు. గద్వాల దిక్కు మనిషి కదా, అవునా అనడానికి ఇలా కన్నడం మాట అక్కడక్కడా దొర్లేది. ఆ గోరు అలవాటు ఆయనను చేను బయట కూడా వదిలేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వేపపుల్ల గీరేవాడు, దడి కట్టె గీరేవాడు, మా గొడ్లపాకలో గుంజ గీరేవాడు. సారు వస్తున్నాడంటే మా అమ్మ కరివేపాకు మొక్క మీద గంప బోర్లించేది.

అన్నిటికన్నా నాయినను సతాయించింది మాత్రం ఆయన "చూద్దాం". ఎంత బాగా కాసిన చెట్టు చూపించినా "చూద్దాం". ఒక ఏడు కొన్ని సాళ్ళు తెగులును తట్టుకుని నిలబడ్డాయి. నాయిన సంబరంగా పిలుచుకుపోయి చూపిస్తే, ఒక కాయ వలిచి, గింజ నోట్లో వేసుకుని నమిలి, "చూద్దాం" అన్నాడు. ఆ గింజల పప్పు మా ఇంట్లోనే అమ్మతో వండించాడు. మధ్యాహ్నం దాకా ఉడికినా పలుకు పలుకుగానే ఉంది. ఆ సాళ్ళన్నీ లెక్కలోంచి కొట్టేశాడు.

"తెగులుకు చావదు, కాయ మస్తుగ కాస్తది, ఇంకేం గావాలె సారూ?" అని నాయిన మొత్తుకున్నాడు.

"తెగులుకు ఉడకకపోతే మంచిదే అన్నా. పొయ్యి మీద గూడ ఉడకకపోతే నీ భార్య నన్ను తిడ్తది. కట్టెలు ఎవరివి గాలుతయి? ఆమెవే గదా."

మంచిగుంది అన్న మాట అప్పటికి ఆయన నోట మేం వినలేదు. శుక్రవారం మధ్యాహ్నం జేబులోంచి తెల్ల టోపీ తీసి పెట్టుకుని బిజినేపల్లి మసీదుకు పోయి వచ్చేవాడు. ఒకసారి నేనే అడిగాను, "సారూ, అల్లాను కూడ చూద్దాం అంటరా?" అని. అప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్నాను, నోటికి హద్దు లేదు. ఆయన పడీపడీ నవ్వి, "ఆయన నన్ను అంటడు బిడ్డా, చూద్దాం అని," అన్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. సారుకు రిటైర్ అయ్యే రోజులు దగ్గర పడ్డాయి. నాయినకు ఓపిక అయిపోయింది. ఆ ఏడుతో కౌలు చాలించి పత్తికి ఇచ్చేస్తానని చెప్పేశాడు. సారు కాదనలేదు. ఆ ఏడు చేను అన్నిటికన్నా ఘోరంగా చచ్చింది. సాక్షి సాళ్ళు నిలువునా మాడిపోయాయి. వాటి పక్కన సారు పెట్టిన కొత్త పిల్లలూ ఒకదాని వెంట ఒకటి తల వాల్చాయి. చివరికి ఒకే ఒక్క సాలులో, పక్కపక్కన మూడు చెట్లు నిలబడ్డాయి. గుబురుగా, పచ్చగా, మిగతా చేనుతో మాకేం సంబంధం లేదన్నట్టు. పుల్లల మధ్య ఆ పచ్చదనం చూస్తే భయమేసేది.

వాటి మొగ్గలు విచ్చుకోకముందే సారు కొమ్మ కొమ్మకూ పలచటి తెల్లగుడ్డ సంచులు కట్టాడు. కందిపూలకు తేనెటీగలు ఎక్కువ. పక్క చేన్ల పుప్పొడి తెచ్చి అంటిస్తాయి. అలా కలిసిపోతే ఈ చెట్టు గుణం దాని గింజలో ఉంటుందో ఉండదో చెప్పలేం. సంచిలో కాసిన కాయే ఆ చెట్టు సొంత బిడ్డ. "గివి పోతే మళ్ళ దొరకయి. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క మనిషి అసొంటిది. ఇంకో దగ్గర దీని జోడు లేదు," అని నాయినకు చెప్పాడు, అమ్మకు చెప్పాడు, నాకు చెప్పాడు, గట్టు మీద నిలబడి నవ్వే పక్క చేనాయనకు కూడా చెప్పాడు.

గోపాల్‌పేటలో ఉన్న మా మేనత్తకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో తొలికాయ ఆడబిడ్డది. కంది కాయ పట్టగానే అత్తను పిలిపించి, ఆమె చేత్తో కోయించి, ఉప్పేసి ఉడకబెట్టి, ఆమెకు పెట్టిన తర్వాతే మిగతావాళ్ళు ముట్టుకోవాలి. చేను చచ్చిపోతుండడంతో కొన్నేళ్ళుగా ఆ ముచ్చట లేదు. ఆ ఏడు పిలవకుండానే అత్త తనంతట తనే వచ్చింది. నాయిన ఆమె కోసం కోడిని తేవడానికి పోయాడు. అమ్మ పిండి పట్టించడానికి పోయింది. నేను కాలేజీలో ఉన్నాను. అత్త ఊరికే కూర్చోలేని మనిషి. గంప పట్టుకుని చేనుకు పోయింది.

ఆ సాయంత్రం నేను బస్సు దిగి వస్తుంటే మా వాకిట్లో జీపు ఉంది. దండెం మీద తెల్లగుడ్డ సంచులు వరుసగా ఆరేసి ఉన్నాయి. సబ్బు పెట్టి ఉతికి, పిండి, ముడతలు లేకుండా దులిపి మరీ ఆరేసింది. సారు నాకన్నా ముందే చూసినట్టున్నాడు. ఒక సంచి అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అత్త లోపలినుంచి పళ్ళెం నిండా ఉడికిన కందికాయలు తెచ్చింది. "కూసోండ్రి సారూ. మా తమ్ముడు నాకోసం కొమ్మ కొమ్మకు బట్టలు గట్టిండు, సిలకలు గొట్టకుంట. ఎన్నేండ్లాయెనో పుట్టింటి కందికాయ నోట్ల పడక! చేను జూసి ఏడుపొచ్చింది సారూ. అంత ఎండిపోయినా నా పాలుకు మూడు చెట్లు కాపాడి పెట్టిండు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను చెప్పబోయాను. సారు నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల ఊపాడు. మంచం మీద కూర్చున్నాడు. ఒక కాయ తీసుకుని, పళ్ళతో లాగి, గింజలు నమిలాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"ఎంతసేపు ఉడికినయి అక్కా?"

"ఎంతసేపేంది సారూ, ఒక పొంగు రాంగనే దించిన. ఎన్నపూస లెక్కనయినయి. గిసొంటి కాయ పుట్టినకాన్నుంచి తినలే."

"హౌదా," అన్నాడు. మూడో కాయ తిన్నాడు. "మంచిగుంది."

అన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. అది విన్నది నేనూ అత్తే. ఆమెకు దాని విలువ తెలియదు. నాకు తెలుసు కాబట్టే ఏడుపు ఆగలేదు.

ఇంతలో నాయిన కోడిని చంకలో పెట్టుకుని వచ్చాడు. దండెం చూశాడు, పళ్ళెం చూశాడు. కోడి జారిపోయింది. "అక్కా! ఎంత పని జేసినవే!" అని అరిచిన అరుపుకు నాలుగిళ్ళవాళ్ళు వచ్చారు. సారు లేచి అడ్డం నిలబడ్డాడు. "అన్నా, ఊకో. ఆమెకు జెప్పనిది మనం. తప్పు మనది."

సంగతి తెలిశాక అత్త పళ్ళెం కింద పెట్టేసి, "నన్ను తిట్టు సారూ, చెప్పు తీస్కొని కొట్టు," అని కూలబడిపోయింది. సారు ఆ పళ్ళెం తీసి మంచం మీద పెట్టాడు. నాయినను తీసుకుని చేనుకు నడిచాడు. నేనూ వెంట పోయాను. ఆ రోజు కూడా ఆయన ముందు సాక్షి సాలు దగ్గరికే పోయాడు. గోరుతో గీరి, నల్లచార చూసి, తర్వాత ఆ మూడు చెట్ల దగ్గరికి వచ్చాడు. ఒక్క కాయ లేదు. ఆకు మాత్రం పొద్దున కోసిన కూరాకులా తాజాగా ఉంది. చాలాసేపు వాటి చుట్టూ తిరిగాడు.

"అన్నా, ఇవి చావలే గదా."

"చావలే సారూ. మనమే చంపుకున్నం."

"కాయ దెంపినం గానీ చంపలే. చావని కంది ఊకుంటదా? కడుపు ఖాళీ అయినాదంటే మళ్ళ పూస్తది. వానకాలం గాదు, నీళ్ళు మనం పొయ్యాలె."

నాయిన ఆయన మొహం వంక చూశాడు. "నీళ్ళ ముచ్చట నాకిడ్సిపెట్టు సారూ," అన్నాడు. పత్తికి ఇచ్చేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మా చేనుకు బోరు లేదు. వేరే చెలకలో ఉన్న బోరు దగ్గర్నుంచి కావడితో బిందెలు మోశాడు నాయిన. అత్త గోపాల్‌పేటకు పోనే లేదు. తీసుకుపోదామని వచ్చిన మామను వాకిట్లోంచే, "పూత గండ్ల జూసినంకనే వస్త. నీకు అన్నం వండుకొనొస్తది గదా, వండుకో," అని పంపేసింది. పొద్దున లేస్తే ఆమె కూడా ఒక బిందె నెత్తిన పెట్టుకునేది. నవ్వే పక్క చేనాయన ఒకరోజు ఏమీ అనకుండా తన ఎడ్లబండి మీద డ్రమ్ము కట్టుకుని నీళ్ళు తెచ్చి పోశాడు. పోయేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఎడ్ల కాళ్ళు కడిగాడు.

శివరాత్రి దగ్గర పడుతుండగా కొమ్మల చివర్ల పసుపు మొగ్గలు కనిపించాయి. సారు ఆ ఉతికిన సంచులే మళ్ళీ కట్టాడు. ఎండలు ముదిరి పూత చాలావరకు రాలింది. మిగిలినదాన్ని పచ్చపురుగు పడితే, అత్త సంచి విప్పి, ఏరి, మళ్ళీ కట్టేది. సంచి ముడి విప్పేముందు ప్రతిసారీ, "సారూ, విప్పాల్నా?" అని అరిచేది. ఆయన ఊళ్ళో లేకపోయినా సరే, అరవకుండా మాత్రం విప్పేది కాదు. ఉగాది దాటాక కాయలు ఎండాయి. సారు ఒక్కొక్క కాయే దోసిట్లో వలిచాడు. చిన్నపిల్ల దోసిలికి కూడా నిండనన్ని గింజలు వచ్చాయి. కానీ గట్టిగా, నిండుగా ఉన్నాయి.

"చాలునా సారూ?" అన్నాడు నాయిన.

"బీజానికి బీజం ఉంది. చాలు," అన్నాడు సారు. రుమాల్లో మూట కట్టుకుని, అలవాటుగా, "చూద్దాం," అన్నాడు.

"ఇంకేం జూస్తవయ్యా సామీ! జేబుల వెట్టుకొని జల్దీ పో, మళ్ళ నేను ఉడకవెడ్త!" అంది అత్త. నాయిన గట్టు మీద కూలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఎంత బరువు దిగిపోయిందో మా అందరికీ ఆ రోజే తెలిసింది.

మరుసటి ఏడు ఆ గింజలు మా చెడ్డ చేన్లోనే రెండు పక్కలా సాక్షి సాళ్ళ మధ్య మొలిచాయి. సాక్షులు ఎండిపోయాయి, ఇవి నిలబడ్డాయి. ఆ తర్వాత వేరే వేరే చోట్ల పరీక్షలు, పై ఆఫీసులు, అంతా జరగాల్సినట్టు నిదానంగా జరిగింది. కాగితాల మీద ఆ కందికి ఏవో అక్షరాలు, అంకెలు పెట్టారు. మా దిక్కు అందరూ ఆడబిడ్డ కంది అంటారు. నాయిన పప్పు కొనడం మానేశాడు. జొన్నలో అంతరపంటగా వేస్తే, రాలిన ఆకుకు, వేరు బుడిపెలకు మట్టి గుల్లబారి, మరుసటేడు జొన్నకు యూరియా సంచులు తగ్గాయి. ఒకసారి సారు వేరు పీకి బుడిపె చిదిమి లోపల ఎర్రగా ఉండటం చూపించి, ఎర్రగా ఉంటే అది మట్టికి సత్తువ పట్టి ఇస్తున్నట్టు అన్నాడు. అప్పటినుంచి నాయిన ఎవరొచ్చినా ముందు ఆ బుడిపె చిదిమి చూపిస్తాడు.

రిటైర్ అయ్యాక కూడా సారు ఏటా పుష్యంలో వచ్చేవాడు. నాయిన సాక్షి సాలు మానలేదు. సారు దాన్ని పలకరించేదాకా అత్త గంప పట్టుకుని గట్టు మీదే నిలబడేది. "సారూ, కోసుకోనా?" అని అరిచేది. ఆయన "చూద్దాం" అని, అన్నీ చూసి, తర్వాత తల ఊపేవాడు. పోయిన రెండేళ్ళు ఆరోగ్యం బాగాలేక రాలేదు. అప్పుడు అత్త ఫోన్‌లో అడిగింది.

ఆయన పోయిన మర్నాడు నేను ఊరికి పోయేసరికి నాయిన గద్వాల నుంచి వచ్చి ఉన్నాడు. మట్టి ఇచ్చి వచ్చానన్నాడు. "మన చేను మట్టి ఒక పిడికెడు తీస్కపోయి ఆయన మీద వేద్దామనుకున్న బిడ్డా. మూట గూడ గట్టిన. మళ్ళ విప్పి పోసిన. సారు ఊకుంటడా? అక్కణ్ణుంచే లేసొచ్చి కడిగిపిస్తడు." ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక ఏడ్చాం.

ముగ్గురం చేనుకు పోయాం. తొలికాయకు వచ్చిన అత్త ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. చేను నిండా కాయ. నడిమిట్లో ఆ ఒక్క చెట్టు ఎండి, గోధుమరంగులో నిలబడి ఉంది. నాయిన దాని దగ్గరికి పోలేదు. ముందు సాక్షి సాలు దగ్గరికి పోయాడు. ఎండిన కాండానికి బొటనవేలి గోరు ఆనించి, పైకి లాగాడు. బెరడు కింద నల్లచార. తెగులు చేన్లోనే ఉంది. తర్వాత ఆ చెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు జూడు బిడ్డా."

నేను వంగాను. బెరడు లాగాను. లోపల తెల్లగా ఉంది. మొదలు దాకా చీల్చాను. ఎక్కడా నల్లచార లేదు. మొదట్లో మట్టి గూడు కట్టి, బిలబిలమని చెదలు కదిలాయి.

"నాయినా, చెదలు!" అని అరిచాను. ప్రపంచంలో చెదపురుగుల్ని చూసి అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరు. "తెగులు గాదు, చెదలు!"

నాయిన వంగి చూసి, ఇంకో వైపు తనూ గీరి చూసి, "హమ్మయ్య," అని అక్కడే సాలు మధ్య చతికిలబడ్డాడు. రెండు రోజుల నుంచి బిగబట్టుకున్న ఊపిరి అది. "ఏం గాలే. సారుది ఏం పోలే," అని రెండుసార్లు అన్నాడు.

గట్టు మీదినుంచి అత్త అలవాటుగా కేకేసింది, "సారూ, కోసుకోనా?" అని. అనేసి, నాలుక కరుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయిన లేచాడు. చేను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. "కోసుకో అక్కా, మస్తుగున్నయి," అన్నాడు.

అత్త కోసింది. గంప నిండాక, "ఈయేడు తొలికాయ నాకొద్దు తమ్మీ. గద్వాలకు పంపు, సారు భార్యకు," అంది. గంప సర్దుకుంటూ, "పచ్చియే పంపుదామా, ఉడకవెట్టనా?" అని అడిగింది.

"ఉడకవెట్టు అత్తా. ఆయన మంచిగుంది అన్నది ఉడికినయే గదా," అన్నాన్నేను.

ముగ్గురం గట్టు మీద బకెట్ దగ్గర కాళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చాం. నాయిన గద్వాల బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి పోయాడు. అత్త పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, ఎసట్లో ఉప్పు వేసి, కాయలు పోసింది. ఒక్క పొంగు రాగానే దించింది.